ఇంగ్లండ్‌లో వీకెండ్ ట్రిప్పా? ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

మే నెల వచ్చిందంటే ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి. బ్యాంక్ హాలిడే (అందరికీ ఇచ్చే సెలవు రోజు) ఎప్పుడు, ఎవరి కార్లో ఎన్ని సీట్లున్నాయి, పులిహోర ఎవరు తెస్తున్నారు, పెరుగన్నం ఎవరు తెస్తున్నారు. చలికాలమంతా నాలుగింటికే చీకటి పడే రోజులు గడిపినవాళ్ళకి ఆ ఎండ చూస్తే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. వెళ్ళాల్సిందే. నేను కూడా పదకొండేళ్ళుగా వెళ్తూనే ఉన్నాను.

అయితే ఒక మాట చెప్పాలి. మన ఊళ్ళలో ప్రమాదం చూడగానే తెలుస్తుంది. కృష్ణకు వరదొస్తే ఎర్రగా సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. ఘాట్ రోడ్డులో పక్కన లోయ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ప్రమాదం పార్కులా ఉంటుంది. అంచుదాకా పచ్చగడ్డి, చదునైన ఇసుక, కదలకుండా నిలబడ్డ నీళ్ళు, మేస్తున్న ఆవులు. కంచె ఉండదు, కాపలా ఉండదు, ఉంటే ఒక చిన్న బోర్డు ఉంటుంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి చూపించాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ప్లాన్ చేసేటప్పుడు ఎలా వెళ్ళాలన్నది తర్వాత, ఎలా తిరిగి రావాలన్నది ముందు చూసుకోండి. సముద్రానికి పోటు ఎన్నింటికి, చీకటి ఎన్నింటికి, చివరి రైలు ఎన్నింటికి. ఈ మూడూ తెలియకుండా గడప దాటొద్దు.

ముందుగా సముద్రం సంగతి. విశాఖ బీచ్‌లోనో, బాపట్ల దగ్గర సూర్యలంకలోనో ఆటుపోట్లను మనం పెద్దగా పట్టించుకోం. అక్కడ నీళ్ళు కొద్ది దూరమే ముందుకొచ్చి వెనక్కి పోతాయి. ఇక్కడ అలా కాదు. సముద్రం మైళ్ళకొద్దీ వెనక్కి పోయి, కొన్ని గంటల్లోనే అంత దూరమూ తిరిగొచ్చే తీరాలున్నాయి. నార్తంబర్లాండ్‌లో హోలీ ఐలండ్‌కి వెళ్ళే రోడ్డు రోజుకు రెండుసార్లు నీటి కిందికి పోతుంది. ఏ రోజు ఏ వేళల్లో దాటవచ్చో అక్కడి కౌంటీ కౌన్సిల్ ముందే పట్టిక ఇస్తుంది. అయినా ఏటా కార్లు ఇరుక్కుంటూనే ఉంటాయి. ఎందుకో నేను ఒడ్డున నిలబడి చూసినప్పుడు అర్థమైంది. అల ఏమీ రాదు, చప్పుడు కూడా ఉండదు. ముందు రోడ్డుకు రెండు పక్కలా ఇసుక మెరవడం మొదలైంది. తర్వాత తారు మీద పలచగా, వాన వెలిసిన తర్వాత నిలిచే నీళ్ళలా ఒక పొర. ఇంతేగా, దాటేయొచ్చు అనిపించే సమయం అదే. కాసేపటికి రోడ్డు ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను. ఆ దారి మధ్యలో పొడవాటి కర్రల మీద ఒక తెల్లటి చిన్న గది ఉంటుంది. కారు వదిలేసి ప్రాణం కాపాడుకోవడానికే దాన్ని కట్టారు. ముందు కారు వెళ్తోంది కదా అని మీరు వెళ్ళకండి. ఫోన్‌లో మ్యాప్ దారి చూపిస్తోందని కూడా నమ్మకండి. దానికి దారి తెలుసు గానీ, ఆ దారి మీదికి నీళ్ళెప్పుడొస్తాయో అది చెప్పదు.

లాంకషైర్ వైపు మోర్‌కమ్ బే ఇంకా ప్రమాదం. అక్కడ ఊబి ఇసుక ఉంటుంది. పోటు నీరు ఎదురుగా కాకుండా కాలువల వెంట చుట్టూ తిరిగి మీ వెనక నుంచి వస్తుంది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గుల్లలు ఏరడానికి దిగిన చైనా కూలీలు కనీసం 21 మంది మునిగిపోయారు. ఆ ఇసుక దాటాలంటే నియమిత గైడ్‌తో గుంపుగా వెళ్ళే నడకలున్నాయి. సొంతంగా మాత్రం దిగొద్దు. లివర్‌పూల్ దగ్గర క్రాస్బీ బీచ్‌లో వంద ఇనుప విగ్రహాలు సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటాయి. పిల్లలకి చివరి విగ్రహం దాకా పరుగెత్తాలనిపిస్తుంది. దగ్గర్లో ఉన్నవాటితో ఫొటో దిగి వచ్చేయండి. దూరంగా ఉన్నవాటి చుట్టూ బురదలో కాళ్ళు కూరుకుపోతాయి.

ఇక తెల్లటి సుద్ద కొండలు. లండన్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగే సెవెన్ సిస్టర్స్, బీచీ హెడ్ చూడని తెలుగు కుటుంబం ఇక్కడ తక్కువ. బీచీ హెడ్ ఎత్తు 162 మీటర్లు. మీరు నిలబడే చోట మెత్తటి గడ్డి మాత్రమే కనిపిస్తుంది. అదే కొండను పక్క నుంచి చూస్తే, కింద సుద్ద రాలిపోయి పైన గడ్డి చూరులా ముందుకు పొడుచుకొచ్చిన చోట్లు కనిపిస్తాయి. అంటే మీ కాళ్ళ కింద ఏమీ లేకపోవచ్చు. 2017 జూన్‌లో ఒక కొరియా విద్యార్థిని సెవెన్ సిస్టర్స్ దగ్గర ఫొటో కోసం గాల్లోకి ఎగిరి, కిందికి జారిపడి చనిపోయింది. కనీసం రెండు కార్ల పొడవంత దూరంలో ఉండండి. పిల్లల చెయ్యి వదలకండి. గాలి బాగా ఉన్న రోజు చీర కొంగు, గొడుగు మనిషిని లాగేస్తాయి. బీచ్‌లోకి దిగాక కొండకు ఆనుకుని దుప్పటి పరుచుకోవడం కూడా తప్పే. గాలి తగలదని చాలామంది అక్కడే కూర్చుంటారు. హెచ్చరిక లేకుండా సుద్ద పెళ్ళలు విరిగిపడేది అక్కడే.

ఈత గురించి గట్టిగానే చెబుతాను, నొచ్చుకోకండి. 2016 ఆగస్టులో క్యాంబర్ శాండ్స్ బీచ్‌లో లండన్ నుంచి సరదాగా వెళ్ళిన ఐదుగురు స్నేహితులు ఒకే రోజు మునిగిపోయారు. శ్రీలంక తమిళ కుటుంబాల పిల్లలు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతాల దగ్గర మన తెలుగు విద్యార్థులిద్దరు నీళ్ళలో పడి చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు ఇక్కడ మాలో ఎవరికీ అన్నం సహించలేదు. ఇంగ్లండ్‌లో నీళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. బావిలో ఈత నేర్చుకున్నవాళ్ళకి కూడా ఆ చలి తగలగానే ఊపిరి ఎగపీల్చినట్టయి, నోట్లోకి నీళ్ళు పోతాయి. అందుకే లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్‌లో, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. మొత్తం ఎర్ర జెండా ఉంటే అసలు దిగొద్దు. నారింజ రంగు గాలిసంచి ఎగురుతుంటే పిల్లల గాలి బొమ్మలు, ట్యూబులు నీళ్ళలోకి తీసుకెళ్ళొద్దు, గాలి వాటిని లోపలికి తోసుకుపోతుంది. పొరపాటున పడిపోతే చేతులు కాళ్ళు కొట్టుకోకుండా, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి వెల్లకిలా తేలండి. ఊపిరి నెమ్మదించాక సాయం కోసం కేకెయ్యండి. పక్కవాళ్ళు పడితే వెంట దూకకండి. ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి, ఒడ్డున ఎర్రటి లైఫ్‌బాయ్ (నీటిలో తేలే చక్రం) ఉంటే విసరండి.

ఆవుల గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. ఇక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్‌లు రైతుల పొలాల మధ్య నుంచే పోతాయి. అమ్మ వచ్చినప్పుడు కాట్స్‌వోల్డ్స్‌లో ఒక పల్లె బయట అలా నడుస్తున్నాం. గేటు తీసి లోపలికి అడుగు పెట్టగానే పది పన్నెండు ఆవులు, పక్కన దూడలు. అమ్మ ముఖం వెలిగిపోయింది. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకోవడానికి నేరుగా వెళ్ళిపోతోంది.

"అమ్మా, వద్దు. వెనక్కి రా."

"ఆవే కదరా, ఏం చేస్తుంది?"

అంతలో పడుకున్న దూడ లేచింది. తల్లి మేత ఆపి తలెత్తింది, చెవులు ముందుకు పెట్టింది, ఒకసారి బుస కొట్టింది. మిగతావి కూడా ఒక్కొక్కటే మావైపు కదిలాయి. అమ్మ చెయ్యి పట్టుకుని, పరుగెత్తకుండా, కంచె వెంబడి గేటు దాకా నడిపించి బయటపడేసరికి నా అరచేతులు తడిసిపోయాయి. ఇంటి ముందు కట్టేసి రోజూ పిండే ఆవు వేరు. మాంసం కోసం పెంచే ఈ ఆవులు దూడలతో పొలంలోనే ఉంటాయి, మనిషి చెయ్యి వాటికి అలవాటుండదు. నడకకు వెళ్ళినవాళ్ళు ఆవుల కింద పడి చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో ఉన్నాయి. తల్లికీ దూడకీ మధ్యకు వెళ్ళొద్దు. దూరం నుంచి దణ్ణం పెట్టుకోమని అమ్మానాన్నలకు ముందే చెప్పండి. రిచ్‌మండ్ పార్క్‌లో జింకలకు 50 మీటర్ల దూరం పాటించమంటారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మగ జింకలు పోట్లాడుకునే రోజులు, అప్పుడు ఇంకా జాగ్రత్త. న్యూ ఫారెస్ట్ గుర్రాలకు తిండి పెట్టొద్దు, అవి కరుస్తాయి, తంతాయి.

తిరుమల మెట్లెక్కినవాళ్ళకి ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ 978 మీటర్లంటే లెక్కలేదనిపిస్తుంది. అక్కడ మెట్లుండవు, టీ కొట్టుండదు, పది నిమిషాల్లో మబ్బు కమ్మి ముందున్న మనిషి కూడా కనిపించడు. మంచి బూట్లు, వాన కోటు, టార్చి, కాగితం మ్యాపు లేకపోతే కింద సరస్సు చుట్టూ నడవండి. ఆ అందం కూడా తక్కువేం కాదు. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి పోతుంది. శనివారం ఐదున్నరకు కనిపించిన దారి మర్నాడు అదే వేళకు కనిపించదు.

రైళ్ళ విషయం. పట్టాల పనులన్నీ ఎక్కువగా వీకెండ్‌లోనే పెడతారు. టికెట్ కొన్నాక కూడా బయల్దేరే రోజు పొద్దున మళ్ళీ చూసుకోవాలి. ఒక ఆదివారం రాత్రి సముద్రపు ఒడ్డు ఊళ్ళో చివరి రైలు రద్దయింది. బదులు బస్సు అన్నారు, వచ్చిన బస్సు నిండిపోయి ఉంది. నాలుగేళ్ళ పాపను కోటులో చుట్టుకుని ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు కూర్చున్నాం. అప్పటినుంచి చివరి రైలుకు కాకుండా దాని ముందు రైలుకే ప్లాన్ చేస్తున్నాను. టికెట్ మీద రాయితీ ఇచ్చే రైల్‌కార్డ్ గడువు చూసుకోండి. సరైన టికెట్ లేకుండా దొరికితే పెనాల్టీ 100 పౌండ్లు, పైన చార్జీ అదనం. కారైతే పార్కింగ్ మెషీన్‌కి డబ్బు కట్టకుండా కదలొద్దు, కెమెరాలు నంబరు చూస్తాయి. 12 ఏళ్ళు నిండే దాకా, లేదా 135 సెంటీమీటర్లు పెరిగే దాకా పిల్లలకి చైల్డ్ సీటు ఉండాల్సిందే. మన ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలే పనికొస్తుంది.

పండగలకొద్దాం. ఆగస్టు బ్యాంక్ హాలిడేకి లండన్ వీధుల్లో జరిగే నాటింగ్ హిల్ కార్నివాల్ అంటే పుష్కరాల రద్దీ అనుకోండి. చిన్నపిల్లలతో వెళ్తే ఆదివారం వెళ్ళండి, సోమవారం వద్దు. జనంలో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, పిల్లల చేతి మీద మీ నంబరు పెన్నుతో రాయండి. దగ్గరి ట్యూబ్ స్టేషన్లు కొన్ని మూసేస్తారు. కాస్త దూరం నడిచి ఎక్కేలా చూసుకోండి. గ్లాస్టర్ దగ్గర కూపర్స్ హిల్‌లో మే చివర జున్ను చక్రం వెంట కొండ దిగే పందెం జరుగుతుంది. చూడటానికి వెళ్ళండి, పరుగెత్తడానికి కాదు. ఆ వాలు మీద నిలబడటమే కష్టం, ఏటా ఎముకలు విరుగుతాయి.

నవంబరు 5 బాన్‌ఫైర్ నైట్. 1605లో పార్లమెంటును పేల్చేయాలన్న కుట్ర బయటపడిన రోజు అది. లూయిస్ పట్టణంలో జరిగే ఊరేగింపు చాలా పెద్దది. ఇరుకు వీధులు, కాగడాలు, చెవులు పగిలే టపాసులు. ఆ సాయంత్రం రైళ్ళు అక్కడ ఆగవు, రోడ్లు మూసేస్తారు, బయటివాళ్ళు రావద్దని అధికారులే చెబుతారు. చంటిపిల్లలతో అయితే మీ ఊరి కౌన్సిలో, స్కూలో పెట్టే బాణసంచా చాలు. ఇదీ మన దీపావళీ దగ్గర దగ్గరగా వస్తాయి గనక కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. వీధిలో, పార్కులో టపాసులు కాల్చడం ఇక్కడ నేరం, సొంత పెరట్లోనే కాల్చాలి. మామూలు రోజుల్లో రాత్రి 11 దాటాక కాల్చకూడదు. దీపావళికి రాత్రి ఒంటిగంట దాకా, నవంబరు 5న 12 దాకా అనుమతి ఉంది. కాకరపువ్వొత్తులు ఐదేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెద్ద పిల్లలకైతే ఉన్ని గ్లవ్స్ తొడిగి ఇవ్వండి. ఆరిన పుల్లను కింద పడెయ్యకుండా బకెట్ నీళ్ళలో ముంచండి, ఆరిపోయాక కూడా అది చాలాసేపు కాలుతుంది. నైలాన్ చున్నీలు, వేలాడే కొంగులు దగ్గరికి చుట్టుకోండి. లెస్టర్ బెల్‌గ్రేవ్ రోడ్డు దీపావళికి వెళ్ళేవాళ్ళు ఆ ఏడు ఏర్పాట్లు ఏమిటో సిటీ కౌన్సిల్ చెప్పింది చూసుకుని బయల్దేరండి, ఏటా ఒకేలా ఉండవు.

అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వస్తే ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి అనుకోండి. ఎమర్జెన్సీ విభాగంలో చూడటం ఉచితమే, వార్డులో చేర్చుకుంటే మాత్రం బిల్లు వస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు సరిపడా బ్యాగులో పెట్టండి, ఒక్క రోజు ట్రిప్పయినా సరే.

చివరగా, ఇది చదువుతుండగానే చేయాల్సిన పని ఒకటుంది. సిగ్నల్ సరిగా లేని చోట 999కి మెసేజ్ పంపవచ్చు, కానీ ముందే నమోదై ఉండాలి. 999 నంబరుకి ఇంగ్లీషులో రిజిస్టర్ అని మెసేజ్ పెట్టండి. జవాబు వచ్చాక యెస్ అని పంపి, నమోదైందని మళ్ళీ మెసేజ్ వచ్చేదాకా ఆగండి. ఫోన్ చేయగలిగితే సముద్రం దగ్గర కోస్ట్‌గార్డ్ కావాలనండి, కొండ మీద పోలీసును అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలనండి. ఎక్కడున్నారు, ఎంతమంది, ఎవరికేమైంది. ఈ మూడు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పడం మీతో వచ్చే పెద్దవాళ్ళకి కూడా కార్లోనే ఒకసారి నేర్పించండి.