లైట్‌రూమ్ ప్లగిన్: డైలాగ్‌లో టైప్ చేసింది కోడ్‌కు అందకపోతే

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే విజయవాడ గవర్నర్‌పేట ఫొటో స్టూడియోల్లో ఆల్బమ్ పని తెల్లవార్లూ సాగుతుంది. వధూవరుల పేర్లు, ఆల్బమ్ సైజు అడిగి ఫొటోలను ఎక్స్‌పోర్ట్ చేసే చిన్న ప్లగిన్ (ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్) రాసిస్తే కుర్రాళ్లకు ఎంతో పని తగ్గుతుంది. చిక్కల్లా ఆ వివరాలు అడిగే విండో, అంటే డైలాగ్ దగ్గరే. లైట్‌రూమ్ క్లాసిక్ ప్లగిన్లు రాసేది లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో. లువాలో టేబుల్‌లో లేని కీ (విలువకు పెట్టిన పేరు) అడిగితే నిల్, అంటే 'ఏమీ లేదు' అని వస్తుందే తప్ప ఎర్రర్ రాదు. అందుకే బైండింగ్, అంటే డైలాగ్‌లోని బాక్సుకూ కోడ్‌లోని విలువకూ ఉన్న లంకె, తెగినా డైలాగ్ మాత్రం చక్కగా తెరుచుకుంటుంది.

"అన్నా, పేరు మార్చినా పాతదే వస్తోంది"

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. ఎడిట్ ఫీల్డ్ (టైప్ చేసే బాక్సు) వాల్యూ దగ్గర ప్రాపర్టీ టేబుల్‌లోని (డైలాగ్ విలువలు దాచే టేబుల్) విలువను నేరుగా రాసి ఉంటారు. అప్పుడు ఆ క్షణాన ఉన్న విలువ బాక్సులోకి ఒకసారి వచ్చి పడుతుంది, అంతటితో సంబంధం తెగిపోతుంది. విలువ కాదు, ఎల్ఆర్‌వ్యూలోని బైండ్ ఫంక్షన్‌కు కీ పేరు ఇవ్వాలి.

అలా ఇచ్చినా బాక్సు ఖాళీగా ఉంటే ఆ బాక్సును చుట్టి ఉన్న కాలమ్ చూడండి. ఏ టేబుల్‌తో కలపాలో చెప్పే బైండ్_టు_ఆబ్జెక్ట్ అక్కడ ఇస్తే లోపలి కంట్రోల్స్ అన్నిటికీ అదే వర్తిస్తుంది. ఎక్స్‌పోర్ట్ డైలాగ్ సెక్షన్లలో లైట్‌రూమే ఆ టేబుల్‌ను తగిలిస్తుంది కాబట్టి అక్కడ ఇది రాయకపోయినా పని జరుగుతుంది. ఆ కోడ్‌నే సొంత డైలాగ్‌లోకి కాపీ చేస్తే మాత్రం ఏమీ కదలదు.

ట్యాబ్ నొక్కితేగానీ కింద ఫైల్ పేరు మారదు

ఎడిట్ ఫీల్డ్ మామూలుగా ఫోకస్ పోయాకే విలువను అందిస్తుంది. ఇమ్మీడియెట్ = ట్రూ పెట్టండి, ప్రతి అక్షరానికీ మారుతుంది.

మారిన పేరు సగంలో తెగితే అది బైండింగ్ తప్పు కాదు. డైలాగ్ తెరిచినప్పుడే లేఅవుట్ కొలతలు తీసుకుంటుంది. అప్పుడు ఖాళీగా ఉన్న స్టాటిక్ టెక్స్ట్‌కు (చూపించడానికే ఉండే అక్షరాలు) తర్వాత "రవి_సుధ_రిసెప్షన్" పట్టేంత చోటు ఎక్కడిది? విడ్త్_ఇన్_చార్స్ 40 అని ముందే ఇచ్చేయండి.

సైజుల మెనూ ఖాళీగా కనిపిస్తోంది

పాపప్ మెనూలో 12×36, 12×30 అన్నీ ఉన్నా ఏదీ ఎంచుకున్నట్టు చూపించదు. ఐటెమ్‌లో వాల్యూ 36 అనే సంఖ్యగా ఉండి, టేబుల్‌లో "36" అనే స్ట్రింగ్ ఉంటే రెండూ కలవవు. రెండు చోట్లా ఒకే రకం ఉంచండి. ఐటెమ్స్‌ను బైండ్ చేసి, ఆ జాబితాలోకే టేబుల్.ఇన్సర్ట్‌తో కొత్త సైజు చేర్చినా మెనూకు తెలియదు. కొత్త జాబితా తయారుచేసి ఆ కీకి మళ్లీ అప్పగించాలి.

కాసేపు పనిచేసి ఆగిపోతోంది

టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే కోడ్‌లో ఏ లైనూ తప్పుగా కనపడదు. ప్రాపర్టీ టేబుల్‌ను ఫంక్షన్ కాంటెక్స్ట్ (ఆ ఫంక్షన్ నడిచినంతసేపే బతికే ఆబ్జెక్ట్) ఇచ్చి పుట్టిస్తాం. ఆ కాంటెక్స్ట్ ముగిసిందంటే అబ్జర్వర్లూ (విలువ మారితే నడిచే ఫంక్షన్లు) బైండింగులూ దానితోనే పోతాయి. మోడల్ (modal) డైలాగ్ తనను మూసేదాకా ఫంక్షన్‌ను ఆపి ఉంచుతుంది కాబట్టి ఈ బెడద రాదు. ఫ్లోటింగ్ డైలాగ్ అలా కాదు, విండో తెరపై ఉండగానే ఫంక్షన్ ముగిసిపోతుంది. బ్లాక్‌టాస్క్ = ట్రూ ఇస్తే విండో మూసేదాకా ఫంక్షన్ ఆగి ఉంటుంది. లోపల వేరే ఎసింక్ టాస్క్ (పక్కన విడిగా నడిచే పని) మొదలుపెడుతుంటే దానికీ సొంత కాంటెక్స్ట్ కావాలి, పోస్ట్‌ఎసింక్‌టాస్క్‌విత్‌కాంటెక్స్ట్ ఉన్నది అందుకే.

మర్నాడు తెరిస్తే అన్నీ మొదటికొచ్చాయి

ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ అయితే ఆ కీ ఎక్స్‌పోర్ట్‌ప్రీసెట్‌ఫీల్డ్స్ (లైట్‌రూమ్ గుర్తుంచుకోవాల్సిన కీల జాబితా)లో ఉందో లేదో చూడండి. సొంత డైలాగ్ అయితే ప్లగిన్ సెట్టింగులు నిలిపే ఎల్ఆర్‌ప్రెఫ్స్‌లో మీరే దాచుకోవాలి. అందులో టేబుల్ దాస్తే, లోపలి విలువ మార్చాక మొత్తం టేబుల్‌ను మళ్లీ అప్పగించాలి.

ఏదీ తేలకపోతే

టేబుల్‌లో ఏముందో ఎల్ఆర్‌లాగర్‌తో లాగ్‌ఫైల్‌లో రాయించండి. టేబుల్‌లోని కీలను ఒక్కొక్కటిగా చూపే లువా మామూలు పెయిర్స్‌తో తిప్పితే ప్రాపర్టీ టేబుల్ ఖాళీగా కనిపిస్తుంది, అది చూసి బైండింగే లేదనుకోవద్దు. టేబుల్ సొంత పెయిర్స్ మెథడ్ వాడాలి. ఫైల్ సేవ్ చేశాక ప్లగిన్ మేనేజర్‌లో రీలోడ్ నొక్కారా అన్నది అంతకంటే ముందే చూసుకోండి. లేదంటే లైట్‌రూమ్ పాత కోడ్‌నే నడుపుతూ ఉంటుంది.