గోలీ ముందా, గాజు ముందా: భ్రమణ చలనంలో తప్పే లెక్కలు

పర్లాకిమిడిలో పదకొండో తరగతి పిల్లలకు సాయంత్రాలు భౌతికశాస్త్రం చెబుతుంటాను. బడిలో పాఠం ఇంగ్లీషులోనో ఒడియాలోనో వింటారు, ఇంటికొచ్చి తెలుగులో ఆలోచిస్తారు. భ్రమణ చలనం దగ్గర మాత్రం అందరి తప్పులూ ఇంచుమించు ఒకేచోట దొరుకుతాయి. ఏ అక్షం చుట్టూ తిరుగుతోంది, దాని నుంచి ఎంత దూరం అన్న రెండు ప్రశ్నలు వేసుకోకపోవడమే చాలా తప్పులకు మూలం.

సమస్య: ఫ్యాను రెక్క కొస వేగం అడిగితే జవాబు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ వచ్చింది.
కారణం: నిమిషానికి ఎన్ని చుట్లో ఆ సంఖ్యను అలాగే వ్యాసార్ధంతో గుణించారు.
పరిష్కారం: ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరుగుతోంది, రెక్క కొస ఇరుసు నుంచి 0.6 మీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. గుణిస్తే 180 వస్తుంది. సెకనుకు 180 మీటర్లంటే గంటకు 648 కిలోమీటర్లు! కోణాన్ని రేడియన్లలో కొలిస్తే ఒక చుట్టు 6.28 రేడియన్లు. 300ను 6.28తో గుణించి 60తో భాగిస్తే 31.4. ఇప్పుడు వ్యాసార్ధంతో గుణించండి. కొస వేగం సెకనుకు 19 మీటర్లకు కాస్త తక్కువ.

సమస్య: టార్క్ అడిగితే జడత్వ భ్రామకం రాశారు.
పక్కనే ఉన్న పాతపట్నం నుంచి తెలుగు పుస్తకాలు తెచ్చుకునేవారికి ఇది ఎక్కువ. టార్కును తెలుగులో బల భ్రామకం అంటారు; బల భ్రామకం, జడత్వ భ్రామకం అని రెండింటి తోకా ఒకటే కదా. మొదటిది తిప్పే ప్రయత్నం, రెండోది తిరగడానికి వస్తువు చేసే మొరాయింపు. ప్రమాణాలు చూస్తే చాలు: మొదటిదానికి న్యూటన్-మీటరు, రెండోదానికి కిలోగ్రాం-మీటరు వర్గం.

సమస్య: బరువైనదే ముందు దొర్లి వస్తుందని రాశారు.
కారణం: ద్రవ్యరాశి ఎంతో చూశారు, అది అక్షానికి ఎంత దూరంగా పరచుకుందో చూడలేదు.
పరిష్కారం: పుస్తకం మూసి ఒక చెక్క పలక తీసుకోండి. ఒక చివర కింద రెండు పుస్తకాలు పెట్టండి. గోలీని, అంచు మీద నిలబెట్టిన క్యారమ్ స్ట్రైకరును, అమ్మ చేతి గాజును ఒకే గీత నుంచి వదలండి. గోలీ ముందు, స్ట్రైకరు తరువాత, గాజు చివర వస్తాయి. గాజు ద్రవ్యరాశి అంతా అంచునే ఉంది కాబట్టి దాని గతిజశక్తిలో సగం తిరగడానికే పోతుంది. స్ట్రైకరుకు పోయేది మూడో వంతు, గోలీకి ఏడింట రెండు వంతులు. లెక్క వేస్తే ద్రవ్యరాశి, వ్యాసార్ధం రెండూ కొట్టివేతలో పోతాయి; పెద్ద గాజు, చిన్న గాజు కలిసే దిగుతాయి. నమ్మకం కుదరకపోతే అవి రెండూ వదిలి చూడండి. ఈ ప్రయోగం చేసిన పిల్లలెవరూ మళ్లీ ఆ తప్పు రాయడం నేను చూడలేదు.

సమస్య: దొర్లే చక్రం మీద అన్ని బిందువులకూ ఒకే వేగం వేశారు.
గుణుపురం రైలు సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. చక్రం పట్టాను తాకే బిందువు ఆ క్షణంలో కదలదు. అదే అప్పటికి అక్షం. అక్కడి నుంచి ఇరుసు ఒక వ్యాసార్ధం దూరం, వేగం 10. చక్రం పైభాగం రెండు వ్యాసార్ధాలు, వేగం 20. పట్టా లోపలివైపు కిందికి దిగే చక్రపు అంచు ఆ అక్షానికి కిందుగా ఉంటుంది కాబట్టి, రైలు ముందుకు పోతుంటే అది ఆ క్షణంలో వెనక్కి కదులుతుంది.