పాడుతూ వాయించే చెయ్యి: బాబ్ డిలాన్ గిటార్‌ను తూచడం ఎలా

సినిమా పాటతో పెరిగిన చెవికి గిటార్ అంటే పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్. పాడేది ఒకరు, వాయించేది ఇంకొకరు. అందుకే హన్మకొండలోనో కాజీపేటలోనో గిటార్ నేర్చుకునే నలుగురు కూర్చుని అమెరికా గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలాన్ మంచి గిటారిస్టా కాదా అని మొదలుపెడితే, మాట నేరుగా సోలోల మీదికి పోతుంది. సోలో లేదు కాబట్టి వాయించడం రాదని ఒకరంటారు, నోబెల్ వచ్చినాయనకు వంక పెడతారా అని ఇంకొకరంటారు. ఈ రెండింటితోనూ తూకం తేలదు. 2016లో ఆయనకు నోబెల్ ఇచ్చింది సాహిత్యానికి, గిటార్ సంగతి అది చెప్పదు.

ఇట్లాంటి వాయిద్యాన్ని వినే చెవి మన దగ్గర పాతదే. బుర్రకథలో కథకుడు భుజాన తంబుర మీటుతూ, అందెలు మోగిస్తూ, అడుగు వేస్తూ కథ చెప్తాడు. తంబుర ఎంత వేగంగా మీటాడని ఎవరూ అడగరు. కథ ఉరికినప్పుడు చెయ్యి తడబడిందా, మాట ఆగినచోట తీగ ఆ ఖాళీని నిలబెట్టిందా అని వింటారు. డిలాన్‌నూ అట్లాగే వినాలి. గొంతు తన పనిలో మునిగి ఉన్నప్పుడు చెయ్యి ఏం చేస్తోంది? తూచాల్సింది దాన్నే.

ముందు రికార్డుల ఎంపిక

ఎక్కువ తీర్పులు ఇక్కడే దారి తప్పుతాయి. 1965లో వచ్చిన ఆయన రాక్ ఆల్బమ్‌లో పదునుగా కోసుకుపోయే ఎలక్ట్రిక్ గిటార్ మైక్ బ్లూమ్‌ఫీల్డ్‌ది. అదే ఏడాది అంతకు ముందు వచ్చిన ఆల్బమ్‌లో గొంతు చుట్టూ మెత్తగా అల్లుకునే ఎలక్ట్రిక్ గిటార్ బ్రూస్ లాంగ్‌హార్న్‌ది. 1966 కచేరీల రెండో సగంలో లీడ్ (పాట మీద విడిగా వినిపించే గిటార్) వాయించింది రాబీ రాబర్ట్‌సన్, 1979 ఆల్బమ్‌లో మార్క్ నాప్‌ఫ్లర్. ఏ పాట వింటున్నా ముందు ఆ ఆల్బమ్‌లో ఎవరెవరు ఏం వాయించారో చూసుకోండి. పేర్లు దొరక్కపోతే, ఒకటి కంటే ఎక్కువ గిటార్లు వినిపిస్తుంటే, ఆ పాటను పక్కన పెట్టేయండి.

ఐనవోలు జాతరలో ఒగ్గుకథ విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అన్ని డోళ్లు కలిసి లయను మోస్తున్నప్పుడు ఏ ఒక్క చెయ్యి బలమెంతో తెలియదు. బ్యాండ్‌తో చేసిన రికార్డూ అంతే.

ఒంటరిగా వాయించినవి నాలుగు చాలు. 1961 నవంబరులో రికార్డు చేయగా 1962 మార్చిలో విడుదలైన మొదటి ఆల్బమ్. 1966 మే నెలలో మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో చేసిన కచేరీ మొదటి సగం. 1992లో, 1993లో పాత జానపదాలు, బ్లూస్ పాటలతో చేసిన రెండు ఆల్బమ్‌లు. మొదటిదాని నాటికి ఆయన వయసు 20, చివరిదాని నాటికి 50 దాటింది. ముప్పై ఏళ్ల దూరంలో ఒకే చెయ్యిని వినొచ్చు. 2002 తర్వాతి కచేరీలతో మాత్రం తీర్పు చెప్పకండి, అప్పటినుంచి ఆయన ఎక్కువగా కీబోర్డు దగ్గరే ఉన్నారు.

ఒక్కో రికార్డులో రెండు పాటల చొప్పున ఎనిమిది తీసుకోండి. ఒక పాటకు కనీసం 40 నిమిషాలు పడుతుంది. వైరు ఉన్న హెడ్‌ఫోన్స్, ఫోన్‌లో శ్రుతి చూపే ట్యూనర్, వేగం చూపే మెట్రోనోమ్, కేపో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే క్లిప్పు), మీ గిటార్, ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ తీగలు సరిగా వినపడవు, ఈ పనిలో సగం బేస్ తీగలదే. ఎండాకాలంలో రేకుల గదిలో ఉంచిన గిటార్ శ్రుతి గంటలోనే జారుతుంది, కాబట్టి ప్రతి పాటకూ ముందు ట్యూన్ చేసుకోండి. లేకపోతే మీ తప్పు ఆయన లెక్కలో పడుతుంది.

శ్రుతి, కేపో

పాటను మీ గిటార్‌తో కలిపి చూసినప్పుడు కొంచెం ఎక్కువో తక్కువో ఉందనిపిస్తే తొందరపడకండి. ట్యూనర్‌లో ఒక అర్ధస్వరానికి 100 సెంట్లు. తీగలన్నీ కలిసి 30 సెంట్లు పైకో కిందికో ఉంటే అది టేపు వేగం తేడానో, ఆ రోజు గిటార్‌నే మొత్తం అట్లా శ్రుతి చేయడమో అయి ఉంటుంది. ఒక్క తీగే 15 సెంట్లు జారి ఉంటే అది శ్రుతి తప్పడం. ఈ రెండో రకమే రాసుకోవాలి.

తర్వాత ఆయన చేతి ఆకారం ఏమిటో తేల్చాలి. పాట E మేజర్‌లో ఉన్నంత మాత్రాన E కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) పట్టారని కాదు. నాలుగో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డపట్టీల్లో నాలుగోదాని దగ్గర) కేపో పెట్టి సి ఆకారం పట్టినా E మేజరే వస్తుంది. ఇంకా మోసం చేసేది డ్రాప్ డి. అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగను E నుంచి డికి దించి రెండో ఫ్రెట్‌లో కేపో పెడితే ఆ తీగ మళ్లీ E పలుకుతుంది, ట్యూనర్ మామూలు గిటారే అన్నట్టు చూపిస్తుంది. అప్పుడు బేస్‌ను వదిలి పైస్వరం పలికే సన్నని తీగను వినండి. కార్డ్ మీటినప్పుడు అన్నిటికన్నా పైన E వినిపిస్తే అది మామూలు E ఆకారం. జి షార్ప్ వినిపిస్తే అది కేపో మీద డి ఆకారం. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే, ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన కార్డులు ఎన్నిచోట్ల తప్పో మీకే కనిపిస్తుంది.

ఓపెన్ ట్యూనింగ్ కూడా డిలాన్‌కు అలవాటే. 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో చేసిన రికార్డింగుల్లో అదే వాడారు. ఓపెన్ డిలో తీగలు కింద నుంచి డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. ఏమీ పట్టకుండా మీటితేనే మేజర్ కార్డ్ వస్తుంది. మొదటి ఆల్బమ్‌లో ఒక పాటకు ఆయన స్లయిడ్‌గా, అంటే తీగల మీద జార్చడానికి, వాడింది లిప్‌స్టిక్ గొట్టాన్ని. ట్యూనింగ్ మార్చడం కష్టం తప్పించుకోవడమని కొందరు మార్కులు తగ్గిస్తారు. అది తప్పు. కెనడా గాయని జోనీ మిచెల్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు ట్యూనింగ్‌లో పట్టలేని కార్డుల కోసం ఆమె సొంత ట్యూనింగులు యాభైకి పైగా కట్టుకున్నారు. ఆమె సంగీతం ఇంకొకరిలా వినిపించకపోవడానికి అదీ ఒక కారణం. ట్యూనింగ్ ఎందుకు మార్చారు, దానితో ఏం సాధించారు అన్నదే ప్రశ్న.

కాలం

డిలాన్ గురించి ఎక్కువ తగవు వచ్చేది ఇక్కడే, అందుకే ఎక్కువసేపు కూర్చోవాల్సిందీ ఇక్కడే.

మెట్రోనోమ్‌లో వేగం కొట్టి చూసి పాట మొదట్లో, మధ్యలో, చివర ఎంతుందో రాసుకోండి. నిమిషానికి 96 దెబ్బలతో మొదలై 101కి చేరితే దోషం కాదు. ఒంటరిగా పాడేవాళ్లు పాట వేడెక్కేకొద్దీ కొంచెం ముందుకు జరుగుతారు. ఒకే పంక్తిలో 96 నుంచి 106కి దూకి మళ్లీ వెనక్కి వస్తేనే చెయ్యి జారిందని అర్థం.

ఇప్పుడు తాళం వేస్తూ ఒక్కో పంక్తికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టండి. నోటుబుక్కులో 8, 8, 10, 8 అని పడొచ్చు. సినిమా పాటకు అలవాటైన చెవి ఆ 10 దగ్గర తాళం తప్పిందనేస్తుంది. రెండో చరణం, మూడో చరణం కూడా లెక్కపెట్టండి. అదే చోట మళ్లీ 10 వస్తే అది పాట కట్టిన తీరు. చోటు మారినా, గొంతు మాటను సాగదీసినచోటే గిటార్ కూడా రెండు దెబ్బలు ఆగి రెండూ కలిసి దిగితే, అదీ తెలిసి చేసిందే. పాత బ్లూస్‌లో లైట్నిన్ హాప్‌కిన్స్, జాన్ లీ హుకర్ లాంటివాళ్లు ఇట్లాగే వాయించారు, డిలాన్ నేర్చుకున్న బడి అది. తప్పు వేరేగా వినిపిస్తుంది. కార్డ్ మారడం ఆలస్యమవుతుంది, కుడిచెయ్యి ఖాళీ తీగల మీద ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది, మాట ఒకవైపు, దెబ్బ ఒకవైపు పడతాయి. ఈ మూడో రకాన్ని మాత్రమే దోషంగా లెక్కించండి. ఎంపిక చేసిన రికార్డుల్లో అది అరుదుగానే దొరుకుతుంది.

కుడిచెయ్యి

వేళ్లతో వాయించిన పాట ఒకటి తీసుకోండి. గొంతు మొదలవడానికి ముందు 10 సెకన్లు, మొదలైన తర్వాత 10 సెకన్లు. ఈ 20 సెకన్లనే 0.75 వేగంలో, తర్వాత 0.5లో పదిసార్లు వినండి. బొటనవేలు బేస్ తీగల మీద దెబ్బకొకటి చొప్పున తిరుగుతుంటుంది. తీగల నంబర్లలో చెప్తే, సి ఆకారంలో 5, 4, 6, 4, జిలో 6, 4, 5, 4 అన్నది ఎక్కువగా వినిపించే వరస. మిగతా వేళ్లు ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో పడతాయి.

గొంతు మొదలైన క్షణం నుంచి వినండి. బొటనవేలు నాలుగుకు నాలుగు కొడుతూనే ఉంటే చెయ్యి గొంతు మీద ఆధారపడలేదు. బొటనవేలు ఆగకుండా పైవేళ్లు మాత్రం తగ్గితే, చాలాసార్లు అది మాటకు చోటివ్వడమే, మెచ్చుకోవాల్సిన పని. బొటనవేలే ఒక దెబ్బ ఎగ్గొడితే, ముఖ్యంగా అక్షరాలు దగ్గరదగ్గరగా ఉన్న పంక్తుల్లో, అక్కడ నైపుణ్యం అంచు కనిపించినట్టే. ఈ పరీక్షలో 1992, 1993 ఆల్బమ్‌లు బాగా నిలబడతాయి. ఆయన చెయ్యి అన్నిటికన్నా స్పష్టంగా దొరికేదీ వాటిలోనే.

తీగలు మీటే చిన్న బిళ్ల, పిక్‌తో దంచే పాటల్లో సున్నితత్వం లేదనుకోవడం సులువు. పంక్తి మధ్యలో స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ కలిపి మీటడం) ఎంత గట్టిగా ఉంది, పంక్తి అయిపోయాక ఎంత గట్టిగా ఉంది అని పోల్చండి. మాటల కింద తగ్గి, ఖాళీలో లేచి, బేస్ తీగను విడిగా కొట్టి మిగతావి మీటుతుంటే ఆ చెయ్యి పాటను వింటోందని అర్థం. మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో ఉంటే అది బలహీనత. మెడకు తగిలించిన హార్మోనికా ఊదేటప్పుడు ఇంకోసారి పరీక్షించండి, ఊపిరి కూడా పనిలో పడ్డప్పుడు కార్డులు సమయానికి మారుతున్నాయా అని.

గొంతును వేరు చేసే యాప్‌లతో ఈ పని చేయకండి. అవి తీగ మోతను కోసేస్తాయి, లేని తడబాటు వినిపిస్తుంది.

ఎడమచెయ్యి, లీడ్

ఇక్కడ చెప్పడానికి తక్కువే ఉంది. ఒకే కార్డ్‌లో ఒకే తీగ ప్రతిసారీ జరజరమంటే వేలు ఫ్రెట్‌కు దగ్గరగా పడటం లేదు. ఒకటి రెండుసార్లయితే వదిలేయండి. పైన సన్నని తీగ చుట్టిన లావు తీగల మీద వేలు జరిగినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు తప్పు కాదు. కార్డుల మధ్య నడకలు రాసుకోండి. జి నుంచి సికి పోయేటప్పుడు ఆరో తీగ మూడో ఫ్రెట్, ఐదో తీగ ఖాళీగా, దాని మీదే రెండు, ఆపై మూడు. ఈ చిన్న దారిని పాడుతూ వేయగలగడం నలుగురూ అనుకునేదానికన్నా కష్టం.

1990ల కచేరీల్లో ఎలక్ట్రిక్ మీద డిలాన్ తానే లీడ్ కూడా వాయించేవారు. రెండు మూడు స్వరాలను పట్టుకుని తిప్పితిప్పి వాయించడం ఆ లీడ్ తీరు. లీడ్ గిటారిస్టుగా ఆయనది మామూలు చెయ్యి. నాప్‌ఫ్లర్ పక్కన పెట్టి పోల్చడం ఎవరికీ న్యాయం కాదు. తన గొంతుకు తానే పక్కవాద్యం వాయించుకునే మనిషిగా మాత్రం ఆయన చాలా గట్టివారు.

పదికి ఎన్ని అని మార్కులు వేయకండి. ఒక్కో పాటకు ట్యూనింగ్, కేపో, వేగం మూడుచోట్ల, అదనపు దెబ్బలు ఎక్కడ, గొంతు వచ్చాక బొటనవేలు ఏం చేసింది అని ఐదు పంక్తులు రాసుకోండి. ఎనిమిది పాటలూ అయ్యాక వాటిలో సులువనిపించినదాన్ని మీరే వాయించండి, ముందు పాడకుండా అసలు వేగంలో, తర్వాత 10 తగ్గించి పాడుతూ. మీ బొటనవేలు ఏ మాట దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుని, ఆయన రికార్డులో అదే మాటను 0.5 వేగంలో మళ్లీ వినండి.