అక్వేరియం కంట్రోలర్ సాకెట్లు మొరాయిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

అక్వేరియం కంట్రోలర్ అంటే తొట్టిలోని హీటర్, పంపులు, లైట్లను పవర్ బార్ (వరుసగా సాకెట్లున్న పెట్టె) ద్వారా ఆన్, ఆఫ్ చేసే చిన్న కంప్యూటర్. దాని స్క్రీన్ మీద హీటర్ సాకెట్ 'ఆన్' అని ఉంటుంది, హీటర్ మాత్రం చల్లగా ఉంటుంది. ఇంకోసారి 'ఆఫ్' అని ఉంటుంది, నీళ్లేమో 31 డిగ్రీలు దాటి ఎక్కుతుంటాయి. రెండింటికీ కారణం ఒకటే. కంట్రోలర్ తాను ఇచ్చిన ఆర్డరునే స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆ సాకెట్లోంచి కరెంటు నిజంగా వెళ్తోందా లేదా అన్నది, ఒక్కో సాకెట్‌కు విడిగా కరెంటు కొలిచే ఏర్పాటు ఉంటే తప్ప, దానికి తెలియదు. అందుకే రిపేరు స్క్రీన్ దగ్గర కాకుండా సాకెట్ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు చేపల సంగతి చూడండి. రిటర్న్ పంపు (నీళ్లను తిరిగి తొట్టిలోకి పంపేది), ఒక వేవ్‌మేకర్ (తొట్టిలో నీళ్లను కదిలించేది) తీసి గోడకున్న మామూలు సాకెట్లో పెట్టండి. హీటర్‌కు సొంత థర్మోస్టాట్ ఉంటే దాన్నీ పెట్టవచ్చు. లేకపోతే పెట్టకండి, కొన్ని గంటలు చల్లబడినా ఫర్వాలేదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్‌కు చాలావరకు సొంత థర్మోస్టాట్ ఉంటుంది, ఉంటే నేరుగా గోడకు పెట్టేయవచ్చు. ఆ తర్వాత పవర్ బార్ ప్లగ్గు గోడలోంచి పూర్తిగా పీకండి. స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, ఎందుకంటే వైరింగ్ తిరగబడి ఉంటే స్విచ్ ఆపేది న్యూట్రల్‌నే, ఫేజు బార్‌లో అలాగే ఉంటుంది. చేతులు తుడుచుకుని, కాళ్ల కింద పొడి చెక్కో రబ్బరు మ్యాటో వేసుకుని పని మొదలుపెట్టండి.

కావలసిన సామాను

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, 15 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి హోల్డరు, వైరు, ప్లగ్గుతో సహా. మన కొట్లలో పాతకాలపు 'జీరో బల్బు' అని అమ్మేది ఇదే. పేరుకే జీరో, నిజానికి 12 నుంచి 15 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడు ఎల్ఈడీ జీరో బల్బులు కూడా వస్తున్నాయి, అవి ఈ పనికి అస్సలు పనికిరావు. ఎందుకో కింద చెబుతాం. నియాన్ టెస్టర్ స్క్రూడ్రైవర్‌ను కూడా ఈ పనిలో నమ్మకండి.

బార్ బయటి నుంచి తెచ్చుకున్నదైతే వెనక లేబుల్ చదవండి. అమెరికాలో మనవాళ్లు వాడే చాలా బార్‌లు 120 వోల్టులవి. అలాంటిదాన్ని ఇక్కడి 230 వోల్టులకు తగిలిస్తే మొదట లోపలి సర్జ్ ప్రొటెక్టర్ పోతుంది, దాని వెంట మిగతావీ పోతాయి.

మొదటి పరీక్ష: ప్లగ్గు పీకేసి చేసేది

ఇది రెండు నిమిషాల పని. బార్ విప్పక్కర్లేదు, కరెంటుతో పని లేదు. అన్ని పరికరాలూ తీసేయండి. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ముల్లు బార్ ప్లగ్గు ఫేజు పిన్నుకు ఆనించి, రెండో ముల్లును ఒక్కో సాకెట్ ఫేజు రంధ్రంలో పెట్టి చూడండి. మన మూడు పిన్నుల సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైది ఎర్త్, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్.

బార్ లోపల ఒక్కో సాకెట్‌ను ఆన్, ఆఫ్ చేసేది రిలే (కాయిల్ అనే తీగచుట్టలో కరెంటు పారితే కాంటాక్టులను కలిపే స్విచ్), కొన్నింటిలో ట్రయాక్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్). కరెంటు లేనప్పుడు మామూలు రిలే తెరుచుకునే ఉండాలి, కాబట్టి ఏ సాకెట్ దగ్గరా బీప్ రాకూడదు. ఒక్కదాని దగ్గరే వచ్చిందంటే ఆ రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి, లేదా ట్రయాక్ షార్టయింది. స్క్రీన్ ఏం చెప్పినా ఆ సాకెట్ ఇక ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. దానికి టేపు అంటించి పక్కన పెట్టేయండి. అన్నింటి దగ్గరా బీప్ వస్తే మాత్రం కంగారుపడకండి. అది లాచింగ్ రిలేలు (కరెంటు పోయినా చివరి స్థితిలోనే ఉండిపోయేవి) ఉన్న బార్ కావచ్చు, లేదా కరెంటు పోయి వచ్చినా పంపు ఆగకూడదని కావాలనే 'నార్మల్లీ క్లోజ్డ్' (కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే) వైపు వైరింగ్ చేసి ఉండవచ్చు.

అదే పద్ధతిలో న్యూట్రల్ పిన్ను నుంచి న్యూట్రల్ రంధ్రాలకు, ఎర్త్ నుంచి ఎర్త్‌కు చూడండి. వీటిలో ప్రతి సాకెట్ దగ్గరా బీప్ రావాలి. న్యూట్రల్ దగ్గర రాకపోతే లోపల ఎక్కడో సోల్డర్ విడిపోయింది లేదా పట్టీ కాలింది. ఎర్త్ దగ్గర రాకపోతే ఆ బార్‌ను నీళ్ల దగ్గర వాడనే వాడకూడదు.

రెండో పరీక్ష: బల్బుతో

బార్‌ను తిరిగి గోడకు పెట్టి, అనుమానమున్న సాకెట్లో బల్బు పెట్టండి. కంట్రోలర్‌లో ఆ సాకెట్‌ను 'ఆటో' నుంచి తీసి చేత్తో ఆన్, ఆఫ్ చేయండి. ఈ మెట్టు దాటేయకండి. సగం ఫిర్యాదుల్లో సాకెట్ బాగానే ఉంటుంది, ప్రోగ్రామే దాన్ని ఆపేస్తూ ఉంటుంది. ఉష్ణోగ్రత ప్రోబ్ ఊడి గాలిలో వేలాడినా, ఫీడ్ మోడ్ (మేత వేసేటప్పుడు పంపులను కాసేపు ఆపే సెట్టింగు) ఆగకుండా ఉండిపోయినా, ప్రోగ్రాంలో కింద రాసిన రూలు పైదాన్ని కొట్టేసినా అదే జరుగుతుంది.

చేత్తో ఆన్ చేసినప్పుడు బార్‌కు చెవి దగ్గరపెట్టి వినండి. టక్ మని శబ్దం వచ్చి బల్బు వెలిగితే సాకెట్ బాగుంది, తప్పు పరికరంలోనో ప్రోగ్రాంలోనో ఉంది. టక్ మంటుంది కానీ వెలగదు అంటే రిలే కదులుతోంది, కాంటాక్టులు కాలి మసిపట్టాయి. టక్ అనే శబ్దమే లేకపోతే ఆర్డరు రిలే దాకా రావడం లేదు, లేదా కాయిల్ పోయింది. ఆఫ్ చేశాక కూడా వెలుగుతూనే ఉంటే పైన చెప్పినట్టు అతుక్కుపోయింది.

ట్రయాక్ ఉన్న సాకెట్లు శబ్దం చేయవు, వాటికి చెవి పనికిరాదు. వాటిలో ఇంకో చిక్కు ఉంది. ట్రయాక్‌ను కాపాడేందుకు దానికి అడ్డంగా ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ పెడతారు. అది 0.1 మైక్రోఫారాడ్ అయితే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 7 మిల్లీ ఆంపియర్లు ఆఫ్‌లో కూడా కారుతూనే ఉంటాయి. ఖాళీ సాకెట్లో మీటరు పెడితే 100 వోల్టులకు పైగా చూపిస్తుంది, నియాన్ టెస్టర్ వెలుగుతుంది, ఎల్ఈడీ లైటు మినుకుమినుకుమంటుంది. ఫిలమెంట్ బల్బు పెట్టారా, ఆ దొంగ వోల్టేజీ అంతా కుప్పకూలుతుంది, మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. అప్పుడు సాకెట్ బాగున్నట్టే. ఆన్‌లో ఉన్నప్పుడు దీనికి ఎదురు తిప్పలు వస్తాయి. 5 వాట్ల డోసింగ్ పంపు (ద్రావణాలను కొద్దికొద్దిగా తొట్టిలో వేసేది) లాంటి చిన్న లోడు 22 మిల్లీ ఆంపియర్లే లాగుతుంది. ట్రయాక్ ఆన్‌లో నిలబడడానికి అది చాలకపోతే పంపు గుర్రుమని వణుకుతుంది. అలాంటి వాటిని రిలే సాకెట్‌కు మార్చండి.

ఎందుకు పోతాయి

ముందు ఉప్పు గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే మెరైన్ (ఉప్పునీటి) ట్యాంకుల్లో ఎక్కువ నష్టం దాని వల్లే. స్కిమ్మర్ (బుడగలతో నీటిలోని మురికిని తీసేది) దగ్గర పగిలే బుడగల తుంపర క్యాబినెట్ అంతా అంటుకుంటుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది, వానాకాలం తేమకు మళ్లీ కరుగుతుంది. టార్చి వేసి సాకెట్ రంధ్రంలోకి చూడండి: ఇత్తడి రేకు అంచున ఆకుపచ్చ పొడి, చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే పట్టు వదులై వేడెక్కిందని అర్థం. కాలుతున్న ప్లాస్టిక్ చాలాసార్లు కుళ్లిన చేప వాసన కొడుతుంది. చేపల తొట్టి దగ్గర ఆ వాసనను ఎవరూ పట్టించుకోరు, అందుకే మరీ ప్రమాదం. చేప చనిపోలేదు, వాసన మాత్రం వస్తోంది అంటే ముందు బార్‌ను తడిమి చూడండి.

పచ్చపొడి కొద్దిగానే ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి వాడవచ్చు. మచ్చ నల్లబడితే సాకెట్ మార్చాల్సిందే. బార్‌ను నిలువుగా, రంధ్రాలు పక్కకు చూసేలా, సంప్‌కు (ప్రధాన తొట్టి కింద ఉండే రెండో తొట్టి) పైన కాకుండా దూరంగా బిగించండి. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వంగి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

రెండోది ఎల్ఈడీ లైట్ల అడాప్టర్లు. 100 వాట్ల లైటు నడిచేటప్పుడు అర ఆంపియర్ కూడా తీసుకోదు, కానీ ఆన్ చేసిన ఆ క్షణంలో అడాప్టర్‌లోని కెపాసిటర్ నిండడానికి పదుల ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల రిలే కాంటాక్టులు అక్కడే కరిగి అతుక్కుంటాయి. అందుకని లైటుకు కరెంటు ఎప్పుడూ ఇచ్చి ఉంచి, వెలుగును 0–10 వోల్టుల డిమ్మింగ్ వైరుతో తగ్గించి పెంచడం మేలు.

మూడోది అతి తరచు ఆన్-ఆఫ్. చిన్న రిలే పూర్తి లోడు మీద సుమారు లక్షసార్లు పనిచేస్తుంది. హీటర్ 0.1 డిగ్రీ తేడాకే ఆగి మొదలవుతూ మూడు నిమిషాలకోసారి తిరిగితే రోజుకు 480 సార్లు, అంటే ఏడు నెలల్లో లక్ష పూర్తి. 25.0 దగ్గర ఆన్, 25.5 దగ్గర ఆఫ్ పెట్టండి. చిల్లర్‌కు ఆగిన తర్వాత కనీసం 5 నిమిషాల విరామం ఇవ్వండి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో చిల్లరే ప్రధానం, పైగా దాని కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దాన్ని బార్ మీద నేరుగా పెట్టకండి. కంట్రోలర్ సాకెట్‌తో 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద రిలే) నడిపి, ఆ కాంటాక్టర్‌తో చిల్లర్‌ను నడపండి.

సొంతంగా చేసుకున్న కంట్రోలర్లలో

రాస్ప్‌బెర్రీ పై లేదా ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఎనిమిది రిలేల నీలం బోర్డు పెట్టుకున్నవాళ్లకు వచ్చే తిప్పలు వేరు. 5 వోల్టుల రిలే కాయిల్ 70 ఓములు, అంటే ఒక్కొక్కటి 71 మిల్లీ ఆంపియర్లు. ఎనిమిదీ ఒకేసారి ఆన్ అయితే 570. మామూలు యూఎస్‌బీ పోర్టు నుంచి వచ్చే 500 చాలదు, చివరి రిలేలు కొట్టుకుంటాయి. అన్నీ ఆన్ చేసి బోర్డు దగ్గర వోల్టేజీ కొలవండి. 4.5 కన్నా తగ్గితే జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) తీసేసి రిలేలకు విడిగా 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ ఇవ్వండి.

రిలే ఆఫ్ కాకుండా బోర్డు మీది చిన్న లైటు మసకగా వెలుగుతుంటే చూడాల్సింది వేరు. ఈ బోర్డులు పిన్ను సున్నాకు వస్తే ఆన్ అయ్యే రకం. 3.3 వోల్టుల పిన్నుకు, బోర్డు 5 వోల్టులకు మధ్య మిగిలే 1.7 వోల్టులే దాన్ని సగం ఆన్‌లో ఉంచుతాయి. జంపర్ తీసి, కంట్రోలర్ వైపు సప్లైని 3.3కు మార్చితే తగ్గుతుంది. సాకెట్లన్నీ తిరగబడి పనిచేస్తుంటే సెట్టింగుల్లో 'రివర్స్' పెట్టి చూడండి.

రిలే మార్చేటప్పుడు కాయిల్ వోల్టేజీ, కాళ్ల అమరిక పాతదానితో సరిపోవాలి. కొత్తది వేసే ముందు పాతదాని కింద బోర్డు రాగి గీత నల్లబడిందేమో చూడండి. నల్లబడితే దాని మీద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పరిచి సోల్డర్ చేయాలి, లేకపోతే కొత్త రిలే కూడా అదే దారి పడుతుంది.

ఆర్‌సీసీబీ పడిపోతుంటే

ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎర్త్‌కు కారితే సప్లైని ఆపేసే రక్షణ స్విచ్. 30 మిల్లీ ఆంపియర్లది, కారే కరెంటు 15 దాటినప్పటి నుంచీ పడవచ్చు. పరికరాలన్నీ పీకి, ఒక్కొక్కటే పెడుతూ రండి. ఎక్కువసార్లు దోషి గాజు పగిలిన హీటరే. దేన్ని పెట్టినా పడకుండా అన్నీ కలిసినప్పుడే పడితే, అడాప్టర్ల ఫిల్టర్ల నుంచి ఎర్త్‌కు కారే చిన్న చిన్న కరెంట్లు కూడి ఉంటాయి. సగం పరికరాలను ఇంకో ఆర్‌సీసీబీ మీదికి మార్చండి. పడుతోందని దాన్ని తీసేసి ఎంసీబీ ఒక్కదానితో నడపడం మాత్రం వద్దు. ఎంసీబీ వైరు కాలకుండా చూస్తుంది, నీళ్లలో చెయ్యి పెట్టిన మనిషిని కాపాడదు.

తిరిగి పెట్టే ముందు

బార్‌కు, కంట్రోలర్‌కు మధ్య కేబుల్ ఊడితే ఏ సాకెట్ ఏ స్థితిలోకి పోవాలో ఒక్కోదానికి విడిగా చెప్పండి. అపెక్స్ వంటి కంట్రోలర్లలో దీన్ని 'ఫాల్‌బ్యాక్' అంటారు. రిటర్న్ పంపుకు ఆన్, హీటర్‌కు, డోసింగ్ పంపుకు ఆఫ్. రాసి ఊరుకోకుండా కేబుల్ నిజంగా పీకి చూడండి. హీటర్ సొంత థర్మోస్టాట్‌ను కంట్రోలర్ ఆపే దానికన్నా ఒక డిగ్రీ పైన, 26.5 దగ్గర పెట్టండి. రిలే అతుక్కున్నా నీళ్లు అక్కడితో ఆగుతాయి.

ఆ తర్వాత నెలకోసారి, నీళ్లు మార్చే రోజున, ఆఫ్ పరీక్ష చేయండి. ఆన్ పరీక్ష అందరూ చేస్తారు, అతుక్కున్న రిలే దానిలో దొరకదు. హీటర్ సాకెట్‌కు బల్బు పెట్టి, కంట్రోలర్‌లో ఆఫ్ నొక్కి, బల్బు ఆరిందో లేదో కళ్లారా చూడండి.