ఆక్యుపేషనల్ థెరపీ గురువులను గుర్తు చేసుకోవాలంటే ఏం చేయాలి?

సంస్మరణ సభలు హైదరాబాద్‌కు కొత్త కాదు. పటానికి దండ, జ్యోతి ప్రజ్వలన, వక్తలందరి నోటా ‘తీరని లోటు’. సభ ముగిశాక బయట టీ తాగుతున్న వారిని ఆ ప్రొఫెసర్ ఏం చేశారని అడిగి చూడండి. ‘చాలా మంచివారు’ అంటారు, అంతకు మించి చెప్పలేరు. ఆక్యుపేషనల్ థెరపీ విషయంలో ఇది మరీ నష్టం. పక్షవాతం వచ్చిన మనిషి తన చొక్కా తానే తొడుక్కునేలా, పెన్సిల్ పట్టు దొరకని పిల్లవాడు అక్షరాలు దిద్దేలా చేసే వృత్తి ఇది. ఇది ఫిజియోథెరపీకే మరో పేరని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి గురువు పేరిట సభ పెట్టినా, సంచిక వేసినా అందులో ఆ పని కనిపించాలి.

మొదటి మెట్టు: మార్పేమిటో తేల్చుకోండి

కాగితం మీద ఈ వాక్యం పూరించండి: ‘ఈ ప్రొఫెసర్ రాకముందు ఇలా చేసేవాళ్లం, వచ్చాక ఇలా చేస్తున్నాం.’ ఖాళీలు నిండకపోతే వ్యాసం రాయడానికి ఇంకా సమయం రాలేదన్నమాట.

ఈ రంగంలో పేరుమోసిన వారి విషయంలో ఇది ఎంత సులువో చూడండి. నగరంలో పిల్లల థెరపీ గదుల్లో వేలాడే ఊయలలు, దొర్లడానికి వేసిన పరుపులు ఆటవస్తువుల్లా కనిపిస్తాయి. వాటి వెనుక జీన్ ఏయర్స్ (1920–1988) ఆలోచన ఉంది. స్పర్శ, శరీర సమతౌల్యం, కండరాలూ కీళ్ల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు సరిగా కలుపుకోలేకపోతే చదువూ ప్రవర్తనా దెబ్బతింటాయని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆమె సిద్ధాంతం కట్టారు. దీని మీద వాదం ఉన్న మాటా రాయాలి. ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని తల్లిదండ్రులకు చెప్పాలంటూ అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లో సూచించింది. ఈ సంగతి దాచిపెట్టిన నివాళి నాకు నచ్చదు. పరిశోధకురాలిని విమర్శకు అందని దేవతగా చేస్తే ఆమె పరిశోధనకే అన్యాయం.

రెండో మెట్టు: గురుపరంపర గీయండి

ఎవరికి ఎవరు చదువు చెప్పారో ఒక పేజీలో గీతలు గీయండి. మనిషి తన చేతులతో, మనసుతో, సంకల్పంతో పనిచేసి సొంత ఆరోగ్యాన్నే మార్చుకోగలడని 1961లో ఎలినార్ క్లార్క్ స్లేగిల్ ఉపన్యాసంలో చెప్పింది అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు మేరీ రైలీ. ఆమె దగ్గర చదువుకున్న గ్యారీ కీల్‌హాఫ్నర్ (1949–2010) 1980లో సహచరులతో కలిసి ‘మానవ వ్యాపక నమూనా’ను ప్రచురించారు. రోగికి దేని మీద ఇష్టం, ఏ అలవాట్లున్నాయి, ఏం చేయగలడు, చుట్టూ పరిస్థితులేమిటి అని ఈనాటి విద్యార్థి అడిగే ప్రశ్నలు అక్కడివే. ఉపన్యాసానికి పేరిచ్చిన స్లేగిల్ 1917లో అమెరికాలో ఈ వృత్తి సంఘాన్ని స్థాపించిన వారిలో ఒకరు.

మన దేశపు గీత కమలా నింబ్కర్ దగ్గర మొదలవుతుంది. అమెరికాలో పుట్టి, భారతీయుణ్ని పెళ్లాడి ఇక్కడికి వచ్చిన ఆమె 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో తొలి శిక్షణ పాఠశాల పెట్టారు. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడాది పుట్టిన ప్రపంచ సమాఖ్య స్థాపక దేశాల్లో భారత్ కూడా ఉంది. మీ ప్రొఫెసర్‌కు చదువు చెప్పిన వారెవరో, వారు ఎక్కడ చదివారో ఆరా తీయండి. ఆ గీత ముంబై దాకా వెళ్లినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మూడో మెట్టు: పుస్తకాల్లో లేనిది అడగండి

అసలు శ్రమ ఇక్కడే. సిద్ధాంతాలు ఎలాగూ అచ్చులో ఉన్నాయి. మన ప్రొఫెసర్లు వాటిని మన ఇళ్లకు ఎలా సరిపెట్టారో చాలావరకు ఎక్కడా రాసి లేదు. విదేశీ పాఠ్యపుస్తకం ఫోర్కు పట్టుకోవడం నేర్పుతుంది. ఇక్కడ కుడిచేయి పడిపోయిన పెద్దాయన ఎడమచేత్తో అన్నం కలుపుకోవడానికే సిగ్గుపడతాడు. చెంచాకు లావు పిడి చుట్టి ఇస్తే సరిపోతుందా, ముందు ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పాలా? కింద కూర్చుని లేవడం, మగ్గుతో నీళ్లు పోసుకోవడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, భారతీయ పద్ధతి మరుగుదొడ్డి వాడటం... వీటికి తరగతి గదిలో ఒక్కో గురువు ఒక్కో ఉపాయం చెప్పి ఉంటారు. వారితోనే అవి పోతాయి.

అందుకే పూర్వ విద్యార్థులను ‘మేడమ్ ఎలా ఉండేవారు?’ అని అడగవద్దు. ‘మీరు ఏ పొరపాటు చేయబోతే ఆమె ఆపేవారు?’ అని అడగండి. జవాబు చాలాసార్లు చేతుల్లోంచి వస్తుంది. చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చేయి ముందు, విప్పేటప్పుడు చివర అన్న సూత్రం అందరికీ తెలుసు. దాన్ని నేర్పడానికి విద్యార్థి కుడిచేయి నడుముకు కట్టేసి, ఎడమచేత్తో గుండీలు పెట్టుకోమన్న గురువు ఉంటే రాయాల్సింది ఆ సంఘటననే. వీలైతే ఆ చేతుల కదలికను వీడియో తీయండి.

మాటలు తెలుగులోనో, ఉర్దూలోనో, ఇంగ్లిషులోనో ఎలా వస్తే అలాగే రికార్డు చేయండి, అనువాదం తర్వాత చూసుకోవచ్చు. రోగుల పేర్లు, ఫొటోలు మాత్రం వారి రాతపూర్వక అనుమతి లేకుండా వాడవద్దు.

నాలుగో మెట్టు: తేదీలు సరిచూడండి

జ్ఞాపకాలు ఏళ్లను కలిపేస్తాయి. చేరిన సంవత్సరం, పదోన్నతి, విభాగం ప్రారంభం వంటివి కళాశాల రికార్డులతో పోల్చండి. ‘రాష్ట్రంలోనే తొలిసారి’ అన్న మాటకు కాగితం దొరకకపోతే కొట్టేయండి.

ఐదో మెట్టు: సభ

ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపీ దినం అక్టోబర్ 27 అనువైన తేదీ. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమైనా, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ అయినా, కళాశాల సెమినార్ హాలైనా, ముందు ఒకరు చక్రాల కుర్చీతో వెళ్లి చూసి రావాలి. గుమ్మం దగ్గరి ఆరంగుళాల మెట్టుకు కనీసం ఆరడుగుల ర్యాంపు కావాలి. వేదికకూ అదే లెక్క. మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందో లేదో కొలవండి. రోగులు లోపలికి రాలేని చోట ఈ వృత్తి గురువుకు నివాళి అర్పించడం కన్నా విడ్డూరం ఉండదు.

ఉపన్యాసాలు రెండు చాలు. మిగిలిన సమయంలో పని చూపించండి. వేడి నీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ పలకను విద్యార్థి చేతికి అద్ది, చేతిని సరైన తీరులో నిలిపి ఉంచే స్ప్లింట్ చేస్తే జనం కుర్చీలు వదిలి ముందుకొచ్చి చూస్తారు. ఆ స్ప్లింట్ మలుపును మన ప్రొఫెసర్ ఎందుకు అలా తిప్పమనేవారో చెప్పడానికి అదే సందు.

ఆరో మెట్టు: దొరికేచోట దాచండి

ఫోనుల్లో ఉన్న రికార్డింగులు ఫోనులతోనే పోతాయి. తేదీ, మాట్లాడినవారి పేరు, విషయం రాసి కళాశాల గ్రంథాలయంలో ఒక ప్రతి, మరొకటి వేరే చోట ఉంచండి. సంచికను యూనికోడ్‌లో టైపు చేయిస్తే తర్వాత వెతికేవారికి దొరుకుతుంది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికీ ఒక ప్రతి ఇవ్వండి. తెలుగు వికీపీడియాలో పేజీ పెట్టాలనుకుంటే మీ సంచిక ఒక్కటే చాలదు, పత్రికల్లోనో పుస్తకాల్లోనో ఇతరులు రాసినవీ కావాలి. అచ్చు ఖర్చు చాలకపోతే శాలువాలు తగ్గించుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.