ఫోన్ సర్వే లెక్క తప్పుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఎలక్షన్ అంచనా తప్పినప్పుడల్లా "ఇంకో రెండు వేల మందికి ఫోన్ చేసుంటే సరిపోయేది" అంటారు, నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన కారణం. ముందు చూడాల్సింది ఫోన్ ఎత్తనివాళ్ళు ఎవరు అనే.

సమస్య: శాంపిల్ (సర్వేలో అడిగే జనం) పెంచినా తప్పు తగ్గట్లేదు

కారణం: అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ ఫోన్ సర్వేలకి 1997లో 36 శాతం మంది జవాబిచ్చారు, 2018కి అది 6 శాతానికి పడిపోయింది. మిగతా 94 మంది కూడా ఆ ఆరుగురిలాగే ఓటేస్తే ఏ గొడవా లేదు, వేరేగా వేస్తే మాత్రం ఎన్ని కాల్స్ చేసినా అదే తప్పు మళ్ళీ వస్తుంది. ఇది పాత జబ్బే. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దగ్గర 20 లక్షలకి పైగా జవాబులున్నాయి (పోస్టులో వచ్చినవే, కానీ అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ లిస్టుల్లోంచి తీసినవి), లాండన్ గెలుస్తాడని చెప్పింది, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

పరిష్కారం: కొత్త నంబర్ల మీద పెట్టే డబ్బు, ఎత్తని నంబర్లకే వేరే రోజు వేరే టైమ్‌లో మళ్ళీ చేయడానికి పెట్టండి. నంబర్లు ఓటర్ల లిస్టు నుంచి తీసుకుంటే ఇంకా మంచిది, అమెరికా లిస్టుల్లో పోయినసారి ఓటేసారా లేదా అన్నది కూడా ఉంటుంది కాబట్టి ఎలాంటివాళ్ళు జారిపోతున్నారో కనపడుతుంది.

సమస్య: సర్వేలన్నీ ఒకే వైపుకి తప్పుతున్నాయి

అన్నిట్లోకీ ప్రమాదం ఇదే. సగటు తీస్తే ఒకరి తప్పు ఇంకొకరి తప్పుతో సరిపోతుందనుకుంటాం, కానీ అందరికీ ఒకే రకం జనం దొరుకుతుంటే సగటు కూడా అటే ఒరుగుతుంది. 2016లో ట్రంప్, హిల్లరీ క్లింటన్ పోటీపడ్డప్పుడు విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో అదే జరిగింది. కాలేజీ చదివినవాళ్ళు సర్వేలకి ఎక్కువ జవాబిస్తారు, వాళ్ళలో క్లింటన్ వైపు మొగ్గు, చాలా రాష్ట్ర సర్వేలేమో చదువుని బట్టి వెయిట్ (ఒక్కో జవాబుకి లెక్కలో ఇచ్చే బరువు, ఎక్కువగా దొరికినవాళ్ళకి తగ్గిస్తారు) సరిచేయలేదు. చివరి వారంలో తేల్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారనుకోండి. 2020కి చాలామంది చదువు సంగతి సరిచేసుకున్నారు, అయినా జాతీయ సర్వేల్లో తప్పు 40 ఏళ్ళలో లేనంత వచ్చింది. వయసు, చదువు ఒకటే అయినా ట్రంప్ ఓటర్లే తక్కువగా మాట్లాడారన్న అనుమానం గట్టిగా ఉంది, నేనూ అదే నమ్ముతా.

పరిష్కారం: చదువు వెయిట్ తప్పనిసరి. పోయినసారి ఎవరికి వేసారో అడిగి ఆ ఫలితానికి తగ్గట్టు సరిచేయొచ్చు, కానీ గెలిచినవాళ్ళకే వేసామని చెప్పేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త. మోడల్ (సర్వేలన్నీ కలిపి గెలిచే ఛాన్స్ లెక్కేసే పద్ధతి) కట్టేవాళ్ళు ఒక రాష్ట్రంలో తప్పితే అలాంటి పక్క రాష్ట్రంలోనూ అటే తప్పుతుందని ముందే లెక్కలో పెట్టాలి. 2016లో దాదాపు అవే సర్వేలు చూసి అంచనాలు కట్టే సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ క్లింటన్‌కి 71 శాతం ఛాన్స్ ఇస్తే హఫింగ్టన్ పోస్ట్ వార్తల సైట్ 98 ఇచ్చింది, ఆ తేడాలో పెద్ద భాగం ఇక్కడిదే.

సమస్య: వారంలోనే లీడ్ అయిదారు పాయింట్లు ఎగిరింది

ఓటర్లు మారకపోవచ్చు, ఫోన్ ఎత్తేవాళ్ళు మారారు. డిబేట్ బాగా జరిగితే ఆ పార్టీవాళ్ళు హుషారుగా మాట్లాడతారు, అవతలివాళ్ళు కట్ చేస్తారు. రెండు వారాల శాంపిల్స్‌లో పోయినసారి ఎవరికి వేసారన్న లెక్క పక్కపక్కన పెట్టి చూడండి, అది కూడా ఎగిరి ఉంటే ఆ ఊపుని నమ్మకండి.

సమస్య: లీడ్ 4, మార్జిన్ (శాంపిల్ వల్ల అటూ ఇటూ తప్పే అవకాశం) 3, అయినా ఓడిపోయారు

వెయ్యి మంది శాంపిల్‌కి వచ్చే ఆ ±3 ఒక్కో అభ్యర్థి వాటాకి వర్తిస్తుంది, లీడ్‌కి దాదాపు రెట్టింపు చేసుకోవాలి. పైగా అందులో ఫోన్ ఎత్తనివాళ్ళ లెక్క అసలు లేనే లేదు.

సమస్య: చివరి వారం సర్వేలన్నీ ఒకే నంబర్ చెప్తున్నాయి

ఇది చూసి ధైర్యం తెచ్చుకోకండి. విడివిడిగా తీసిన శాంపిల్స్ అయితే కొంచెం చెదిరి ఉండాలి, ఉండట్లేదంటే మందలోంచి బయటపడటానికి భయపడి వెయిట్లు సర్దుకుంటున్నారేమో చూడాలి. 2024లో సర్వేలు చేసే ఆన్ సెల్జర్ అయోవా రాష్ట్రంలో చేసిన ఫోన్ సర్వేలో కమలా హారిస్ 3 పాయింట్లు ముందుందని వచ్చింది, ట్రంప్ 13తో గెలిచాడు. చాలా పెద్ద తప్పే, కానీ ఆమె వచ్చిన నంబర్ని వచ్చినట్టే బయటపెట్టారు, దానికి నాకు గౌరవం ఉంది, అలా పెట్టేవాళ్ళుంటేనే సర్వేల మధ్య అసలు తేడా ఎంతో తెలిసేది. మీ దగ్గరున్న పది సర్వేలూ ఒకే చోట గుమిగూడి ఉంటే వాటిని పదిగా లెక్కేయకండి, రెండో మూడో అనుకుని మోడల్‌లో పెట్టండి.