ఇంగ్లీషులో ముఖం గురించి రాయడం ఎలా

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు మన పిల్లలు చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో మాత్రం అమ్మమ్మ మీద ఇంగ్లీషు పేరా. నోటితో అడిగితే ఆవిడ ముఖం కళ్ళకు కట్టినట్టు చెబుతారు, పెన్ను పట్టగానే 'షి ఈజ్ బ్యూటిఫుల్' దగ్గర ఆగిపోతారు.

అందం సంగతి పక్కన పెట్టండి. సంతలో అంతమందిలో ఆవిడని దేన్నిబట్టి గుర్తుపడతారు? గడ్డం మీది పచ్చబొట్టో, నవ్వితే పడే సొట్టబుగ్గలో, అదే రాయండి. కళ్ళు, ముక్కు, చెవులు వరసపెట్టి అన్నీ రాస్తే ఏ ముఖమూ కనబడదు.

ఐదుసార్లు 'షి హాజ్' అనే బదులు 'విత్' వాడండి: 'యాన్ ఓల్డ్ ఉమన్ విత్ ఎ రౌండ్ ఫేస్, డీప్-సెట్ ఐస్ అండ్ ఎ స్మాల్ టాటూ ఆన్ హర్ చిన్'. ఇందులో 'ఎ' ఎక్కడుందో చూడండి. ముఖం, ముక్కు, నుదురు ఒక్కోటే ఉంటాయి కాబట్టి వాటికి 'ఎ' కావాలి, కళ్ళకీ పెదాలకీ అక్కర్లేదు, జుట్టుకి కూడా అక్కర్లేదు: 'గ్రే హెయిర్'. విడిగా నాలుగు తెల్ల వెంట్రుకలు కనిపిస్తేనే 'ఎ ఫ్యూ గ్రే హెయిర్స్'. మనం రెంటినీ గడ్డమే అంటాం గానీ ఇంగ్లీషులో నోటి కింది భాగం 'చిన్', అక్కడ పెరిగే వెంట్రుకలు 'బియర్డ్'.

వరస కూడా ముఖ్యమే, ముందు సైజు, తర్వాత ఆకారం, చివర రంగు: 'లాంగ్ స్ట్రెయిట్ బ్లాక్ హెయిర్'.

నల్లటి కళ్ళని 'బ్లాక్ ఐస్' అనొద్దు, దెబ్బ తగిలి కమిలిపోయిన కన్నుని 'బ్లాక్ ఐ' అంటారు. 'డార్క్ బ్రౌన్ ఐస్' అంటే సరిపోతుంది. కోటేరు ముక్కుకి 'ఎ లాంగ్ స్ట్రెయిట్ నోస్', చారెడేసి కళ్ళకి 'లార్జ్ ఐస్' చాలు. చామనఛాయకి మనవాళ్ళు రాసే 'వీటిష్' మన దేశం దాటితే చాలామందికి తెలీదు, 'లైట్ బ్రౌన్ స్కిన్' అనండి. అన్నట్టు, 'షి ఈజ్ డార్క్ బట్ బ్యూటిఫుల్' అని పిల్లల నోట్‌బుక్కులో చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ 'బట్' కొట్టించండి, నలుపుకీ అందానికీ మధ్య అడ్డేం లేదు కదా.

అప్లికేషన్‌లో గుర్తింపు చిహ్నాలు అడిగితే పూర్తి వాక్యం రాయనక్కర్లేదు: 'ఎ మోల్ ఆన్ ద లెఫ్ట్ చీక్', 'ఎ స్కార్ అబవ్ ద రైట్ ఐబ్రో'. కుడి, ఎడమ మాత్రం ఆ మనిషివే, ఎదురుగా నిలబడి చూసేవాళ్ళవి కాదు.